తెగిన కాల్స్‌లో మిగిలిన సగం

"నిరుటి వరదల్లో మూడు జిల్లాల ఫోన్లు మోగాయంటే ఆ పుణ్యం నాదేనండి," అన్నాడు పెద్దిరాజు, అచ్చాయమ్మ టీకొట్టు బల్లమీద కాలు మడిచి కూర్చుని. సిద్ధాంతం ఊళ్ళో గోదారి గట్టు పక్కన ఫైబర్ కంపెనీ వాళ్ళ రేకుల గది ఉంది. దానికి ఆయనే కాపలా, ఆయనే మెకానిక్కు. "రాజమండ్రి వైపు నుంచి ఫోన్ మాటల్ని మోసుకొచ్చే వెలుగు తీగలో నడిచి నడిచి సొమ్మసిల్లిపోద్దండి. మా గదిలో మిషను దాన్ని చదివేసుకుని, పాతదాన్ని అక్కడే ఆర్పేసి, అచ్చం అలాంటిదే కొత్త వెలుగు పుట్టించి పంపుద్ది. మీరు ఫోన్లో వినేది అవతలి మనిషి గొంతే అనుకుంటారా? కాదండి. అది పోయింది. మీ దాకా వచ్చేది ఇంకోటి."

"వింటుంటేనే అదోలా ఉందండి," అన్నాడు నా పక్కనే టీ తాగుతున్న గణేష్‌బాబు.

"ఆగవయ్యా. ఆరోజు మధ్యాహ్నం గదిలోకి మోకాల్లోతు నీళ్ళొచ్చేశాయి. కరెంటు లేదు, బ్యాటరీలు మునిగాయి, మిషను ఆగింది. ఏం చేశాననుకున్నారు? వచ్చే తీగ కుడికంటికి పెట్టుకున్నా, పోయే తీగ టార్చికి ఆనించా. ఇటు చదవడం, అటు మీట నొక్కడం. సెకనుకి వెయ్యికోట్ల మినుకులండి, ఒక్కటి తప్పితే ఒట్టు!"

"ఆ వెలుగు కంటికి కనపడదు కదండీ?" అన్నాడు స్కూలు మాస్టారు జ్ఞానప్రకాశం.

"మామూలు కంటికి కనపడదండి. జంగారెడ్డిగూడెం పామాయిలు గెలల బేరం నాలోంచే వెళ్ళింది. పెనుగొండ పెళ్ళిచూపుల కబురు నాలోంచే వెళ్ళింది. మూడు గంటలు రెప్పెయ్యలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టవర్లన్నీ పడుకున్నాయి. ఒక్క ఫోనూ లేదు. తీగ మాత్రం మినుకుమినుకుమంటానే ఉంది."

ఆయన గొంతు తగ్గించాడు. మేం ముందుకి వంగాం.

"ఎవరూ మాట్లాడకుండానే మాటలొస్తున్నాయండి. మొదలు లేని మాటలు. '...అని అమ్మకి చెప్పు.' '...తలుపేసుకో.' అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళుగా మధ్యలో తెగిపోయిన కాల్స్ ఉన్నాయి చూశారా, వాటిల్లో మిగిలిన సగాలు. చేరాల్సిన చోటికి చేరక తీగలోనే తిరుగుతున్నాయి. ఒక్కొక్కటే చదివి, కొత్తగా వెలిగించి పంపేశా. చాలావరకు పోయినవాళ్ళవి. తీగ వెయ్యకముందు పోయినవాళ్ళవి కూడా ఉన్నాయండి!"

పొయ్యి దగ్గర అచ్చాయమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ వరదలోనే వాళ్ళాయన చిట్టియ్య ఏటి మధ్య లంకలో ఉండిపోయిన గేదెల్ని తెస్తానని పడవెక్కాడు. నడి ఏట్లోంచి ఫోన్ చేసి, "నే చెప్పేది విను," అన్నాడట. అంతలో ఫోన్ తెగింది. మనిషి దొరకలేదు. ఆయనేం చెప్పబోయాడని ఆవిడ ఏడాదిగా కనపడ్డవాళ్ళందరినీ అడుగుతూనే ఉంది.

"రాజుగారూ, మా ఆయనది కూడా వచ్చిందాండీ?"

పెద్దిరాజు చుట్టూ చూశాడు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. వెనక్కి తగ్గడం ఆయన ఒంట్లో లేదు.

"రాకేమమ్మా! పడవ ఊగుతున్న చప్పుడు, దాని వెనక చిట్టియ్య గొంతు. 'అచ్చాయమ్మా, భయపడకు, వచ్చేస్తన్నాను,' అన్నాడు."

ఆ మాట అచ్చం చిట్టియ్య గొంతుతోనే పలికాడు. కళ్ళు మూసుకుని వింటే చిట్టియ్యే అనుకుంటాం.

ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టింది.

"ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదండి. ఏమే అనేవాడు. కోపమొస్తే ఒసే అనేవాడు."

గణేష్‌బాబు నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు పెద్దిరాజు మీద చెప్పలేనంత కోపమొచ్చింది. ఆయన సిగ్గుతో తల దించుకుని, చెప్పులు వెతుక్కుంటూ లేవబోయాడు.

అచ్చాయమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏదండీ," అంది, "ఆ గొంతుతో ఇంకొక్కసారి పిలవండి."