మందు ఆపి ప్రాణం నిలిపిన డాక్టర్ కళావతి గారు

1956 జూలై 12వ తేదీన కేసముద్రంలో సహాయ వైద్యాధికారిణిగా ఉద్యోగ ప్రవేశం చేసిన డాక్టర్ కళావతి గారు, మూడు దశాబ్దాలకు పైబడిన సేవను పరిపూర్ణం గావించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. హనుమకొండ బజారులో బట్టల వర్తకుల ఇంట జన్మించి, ఇంటిల్లిపాదీ వారించినా వైద్యవిద్యనే వరించిన వీరు, కేసముద్రంలో కలరా రోగుల నడుమ రాటుదేలి, 1969లో వరంగల్లుకు బదిలీపై వచ్చి, కాలక్రమాన మన ఆసుపత్రి మెడికల్ వార్డుకు అధిపతులైనారు.

1981 వేసవిని నేను నేటికీ మరువలేను. పాలకుర్తి వైపు నుంచి వచ్చిన మల్లక్క అనే వృద్ధురాలికి న్యుమోనియా. కళావతి గారు రాసిన యాంటీబయాటిక్‌తో జ్వరం దిగింది. ఇక ఇంటికి పంపుదామనుకుంటుండగా ఆగని విరేచనాలు, కడుపునొప్పి, మళ్లీ జ్వరం. మరో యాంటీబయాటిక్ కలుపుదామని మేమందరం అన్నాం. కళావతి గారు పరికరంతో పేగును పరీక్షించి, లోపలి పొరమీద పసుపుపచ్చని మచ్చలు చూసి మా వైపు తిరిగారు.

"ఇది మన మందు చేసిన పని," అన్నారు మాతో.

మందు పేగులోని మేలుచేసే క్రిములను కూడా చంపగా, ఆ ఖాళీలో ఒక దుష్టక్రిమి విజృంభించిందట! వృద్ధులకు, ఎక్కువకాలం ఆసుపత్రి మంచం పట్టినవారికి ఆ ముప్పు మరింత అధికమట.

కళావతి గారు నేరుగా మల్లక్క కొడుకు కొమురెల్లి వద్దకు వెళ్లారు.

"కొమురెల్లీ, మీ అవ్వకు ఈ జబ్బు నేను రాసిన మందుతోనే వచ్చింది. ఆ మందు బంద్ చేస్తాన."

అతడు అదిరిపడ్డాడు. "ఏందమ్మా! మందుతోని రోగమొచ్చుడేంది? మందు బంద్ జేస్తే అవ్వ బత్కుతదా?"

"బతికించేతందుకే ఆపుతాన. ఫికర్ చెయ్యకు అని మాత్రం అనను. నేను గూడ ఫికర్‌లనే ఉన్న."

పాత మందు ఆపి, ఆ క్రిమికి తగిన మాత్రలూ సెలైనూ ఇచ్చారు. మల్లక్క తేరుకుంటుండగానే మరో పిడుగు పడింది. కాలి పుండుకు అదే యాంటీబయాటిక్ వాడుతున్న పక్క మంచం కట్టయ్యకూ అదే జబ్బు! ఆ క్రిమి మా చేతుల మీదుగానే మంచం నుంచి మంచానికి పాకి ఉంటుందని, స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన అది చావదని కళావతి గారు చెప్పినప్పుడు, మా చేతుల వైపు చూసుకోవడానికే మాకు భయమేసింది.

మల్లక్క బతికింది. కట్టయ్య దక్కలేదు.

అతని భార్య బక్కమ్మ పక్కన కూర్చుని, కళావతి గారు ఏదీ దాచకుండా చెప్పారు. బక్కమ్మ అంతా విన్నది. ఆఖరుకు, "ఇంకొకల్లకు ఇట్ల కానియ్యకు బిడ్డా," అన్నది.

నాటినుంచి మన వార్డులో ప్రతి రోగిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం శాసనమైంది. విరేచనాల రోగులకు వేరే గది ఏర్పడింది. "ఈ యాంటీబయాటిక్ ఎందుకు? ఎన్నాళ్లు?" అన్న వీరి ప్రశ్నకు జవాబు చెప్పలేని వైద్యుని కలం ముందుకు సాగలేదు. విసుక్కున్నవారు మాలో లేకపోలేదు, అయినా వీరు సడలలేదు.

నమ్మిన రోగికి నిజం చెప్పే ధైర్యాన్ని మాకు నేర్పిన పూజ్యులు డాక్టర్ కళావతి గారికి వేళకు ఆకలి, కంటినిండా నిద్ర, కోరిన చోటికి నడిచి వెళ్లగల సత్తువ ఎల్లవేళలా ఉండాలనీ, నూరేళ్లు దాటినా మేమెవ్వరమూ వారికి మందు చీటీ రాసే అవసరం రాకూడదనీ మనసారా ఆకాంక్షిస్తున్నాం.