వాల్వుకు తగిలించిన చొక్కా

సభకు అధ్యక్షత వహిస్తున్న మా వర్క్‌షాపు మేనేజరు కుసుమకుమారి మేడమ్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, కోట వీధి నుంచి ఈ ఎండలో రెండు ఆటోలు మారి వచ్చిన మా గురువు జిలానీ బాషా భాయ్‌కి, ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన బీబీజాన్ వదినకు, ఇన్నేళ్లూ నాతోపాటు గ్రీజు పూసుకున్న అన్నదమ్ములకు, మనందరికీ టీలు పోసి పెంచిన పోతమ్మక్కకు, పద్మనాభం నుంచి ఉదయం ఏడింటి బస్సుకే బయల్దేరి వచ్చిన మా ఇంటివాళ్లకు నమస్కారాలు. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే వాళ్లకు రెండు నమస్కారాలు పెట్టానని అనుకోండి. (నవ్వులు)

ఇంతసేపూ మీరంతా నా గురించి మాట్లాడుతుంటే, నిజం చెప్పాలంటే నేను సగమే విన్నాను. ఈ కిటికీలోంచి హార్బరు చానెల్ కనిపిస్తోంది కదా, ఒక ఓడ మెల్లగా లోపలికి వస్తోంది, దాన్ని లాక్కొస్తున్న టగ్గు పోయిన నెల మనం బాగుచేసి పంపిందే. దాని చప్పుడు వింటూ, మూడో సిలిండరు బాగానే ఉందనుకుంటూ, నేనూ దాని వెంట వెళ్లిపోయాను. యారాడ కొండ పక్కన నీళ్లు ఈ వేళప్పుడు ఆకుపచ్చగా ఉంటాయి. మేడమ్ గారు రెండోసారి పేరు పిలిస్తే గాని ఇది నా రిటైర్మెంటు సభ అని గుర్తు రాలేదు. ఇందాక వెంకటేష్ అన్నాడు, శ్రీరామ్మూర్తి గారు కలలు కనే మనిషి, ఇంజిన్లతో మాట్లాడతారు అని. మీరందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినందుకు సంతోషం, కానీ ఆ గుణం గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. అది చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

ఈ సభలో ఒకరికి నేను ఒక మాట చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా చెప్పలేదు. రేపట్నుంచి నాకు గేటు పాసు ఉండదు, మళ్లీ ఇంతమంది ముందు నిలబడే వేళ రాదు, ఇంతమంది ముందు కాకుండా చెబితే ఆ మాటకు విలువ ఉండదు. మొన్న మా ఆవిడ రాణికి మొదటిసారి చెప్పాను. ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నాకు సెప్పి ఏటి లాభం, ఆయనకి సెప్పు" అంది.

నేను ఈ షెడ్డులోకి వచ్చిన రోజుల్లో మాకు సేఫ్టీ అంటే బాషా భాయే. పుస్తకం లేదు, బోర్డు లేదు. మొదటి రోజు నా చేతికి పెళ్లి ఉంగరం చూసి, "తీసి దారానికి కట్టి మొలకి పెట్టుకో, లేపోతే ఏలుతోపాటు ఎల్లిపోద్ది" అన్నారు. వేడి మీదున్న రేడియేటరు మూత తిప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. పొడుగు చేతులు పైకి మడవమన్నారు, వేలాడే తాయెత్తు లోపలికి తోసుకోమన్నారు. ఇంజిను కవరు మీద చెవి పెట్టి వింటుంటే నవ్వి, "సెవి కాదురా, అరసెయ్యి పెట్టు. అది నీతో మాటాడతాది. కానీ ఇంజనుకి మొగమాటం ఉండదు శ్రీరామూ. నువ్వు మంచోడివని ఆగదు" అని చెప్పారు. ఆ ఇంజిన్ రూముల్లో బల్బు కింద నూనె ఆవిరి పసుపుపచ్చగా తేలుతుండేది, అడుగున నీళ్లు టగ్గుని మెల్లగా ఊపుతుండేవి, నాకు అదంతా నిద్రలో ఎవరో కథ చెబుతున్నట్టు ఉండేది. నేను అక్కడ సుఖంగా ఉన్నాను. ఇంటి దగ్గర కూడా అంత సుఖంగా లేను, రాణీ, ఏమీ అనుకోకు. (నవ్వులు)

కొత్త పిల్లలకు తెలియదు కాబట్టి చొక్కా సంగతి చెప్పాలి. పెద్ద ఇంజిన్లు తాళంచెవి తిప్పితే కదలవు. ఇనప సీసాల్లో బిగించిన గాలి వదలాలి, ఆ గాలి తోస్తే తిరుగుతాయి. ఆ గాలికి ఒక వాల్వు, దానికి ఒక చక్రం. ఇంజిను పక్క తలుపు తీసి లోపల చెయ్యి పెట్టేవాడి ప్రాణం ఆ చక్రం మీదే ఉంటుంది. ఇప్పుడైతే ఎవరి తాళం వాళ్లు వేసుకుని చెవి జేబులో పెట్టుకుంటున్నాం. అప్పుడు తాళాలు లేవు. లోపలికి దిగే ముందు, ఇంటి నుంచి వేసుకొచ్చిన సొంత చొక్కా విప్పి ఆ చక్రానికి తగిలించాలని బాషా భాయ్ పద్ధతి పెట్టారు. గుడ్డపీలిక పనికిరాదు, దాన్ని ఎవడైనా చెయ్యి తుడుచుకోవడానికి లాగేస్తాడు. చొక్కా అయితే ఎవరిదో చూడగానే తెలుస్తుంది, అది లేకుండా వాడు ఇంటికి పోలేడు కాబట్టి పని అయ్యాక వాడే వచ్చి తీసుకుంటాడు. వేసినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు.

అందువల్ల మా షెడ్డులో ఎవరికెన్ని చొక్కాలున్నాయో అందరికీ తెలుసు. ఒకసారి ఇద్దరు తోడల్లుళ్లు, మన ఫిట్టర్లే, మావగారు పెట్టిన ఒకే తాను గుడ్డతో కుట్టించుకుని ఒకే రోజు వచ్చారు. బాషా భాయ్ ఇద్దర్నీ నిలబెట్టి చూసి, "మీలో ఎవుడు సచ్చినాడో నాకెలాగ తెలుత్తాది, ఒకడు ఇంటికెళ్లి మార్సుకుని రా" అన్నారు. చిన్నల్లుడు అలిగి వెళ్లాడు గాని, వెళ్లాడు. (నవ్వులు)

ఇక ఆ రోజు. రంజాన్ పండగ వెళ్లిన మర్నాడు. మిట్టమధ్యాహ్నం, టగ్గు జెట్టీకి కట్టి ఉంది. బాషా భాయ్ పండక్కి వదిన కుట్టిన లేత నీలం చొక్కా వేసుకొచ్చారు, జేబు మీద వదిన తెల్ల దారంతో చిన్న కుట్టుపని చేసింది. ఆయన దాన్ని విప్పి, చక్రానికి తగిలించి, ఇంజిన్లోకి భుజం దాకా చెయ్యి పెట్టి బేరింగు బోల్టులు చూస్తున్నారు. నేను వెనక స్పానర్లు సర్దుతున్నాను. పైన పైపు జాయింటు నుంచి నల్లనూనె చుక్కచుక్కగా కారుతోంది. ఒక చుక్క ఆ చొక్కాకి జానెడు దూరంలో పడింది. ఇంకో చుక్క ఇంకా దగ్గరగా పడింది.



వదిన కుట్టిన కొత్త చొక్కా కదా అనిపించింది. నేను దాన్ని తీసి, మడత పడకుండా హ్యాంగరుకి వేసి, మెట్ల పక్కనున్న ఆయన బట్టల బీరువాలో పెట్టాను. దాని బదులు నా చొక్కా తగిలిద్దామనే అనుకున్నాను. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెబుతాను, రెండు బొత్తాలు విప్పాను కూడా. ఇంతలో పై నుంచి టీ వచ్చిందని ఎవరో కేకేశారు. గ్లాసు తీసుకుని ఒక్క నిమిషంలో దిగుదామని ఎక్కాను. డెక్కు మీద గాలి చల్లగా ఉంది. ఒక తెల్ల ఓడ చానెల్లోకి తిరుగుతోంది, అది తిరుగుతుంటే కొండే కదులుతున్నట్టు ఉంది. నేను ఆ కొండను చూస్తూ నిలబడిపోయాను. నా గుణం అది, ఇందాక మీరు చప్పట్లు కొట్టింది దానికే.

మా ఆపరేటరు రమణమూర్తి కిందికి దిగాడు. చక్రం మీద చొక్కా లేదు. పని అయిపోయిందనుకున్నాడు. "బాషా బావా" అని పిలిచాడట కూడా, బ్లోయరు ఫ్యాను హోరులో వినపడలేదు. ఇంజిన్ని కాస్త తిప్పి చూద్దామని వాల్వు తెరిచాడు. ఇంజిను సగం చుట్టు తిరిగింది. నా చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది.

బాషా భాయ్ కుడి చేతికి మూడు వేళ్లు పోయాయి. ప్రాణం నిలిచింది.

తర్వాత విచారణ. బాషా భాయ్ కట్టుతో వచ్చి, నేను చొక్కా తగిలించాను అని చెప్పారు. రమణమూర్తి ఏడుస్తూ, చక్రం మీద చొక్కా లేదు అని చెప్పాడు. చొక్కా బీరువాలో దొరికింది, హ్యాంగరుకి, ఎక్కడా నలగకుండా. ఇంకేముంది, కొత్త చొక్కా పాడవుతుందని ఆయనే దాచుకుని పనిలోకి దిగాడని రాసేశారు. నన్ను అడిగినప్పుడు, నేను పైన టీ తాగుతున్నాను అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. మొదట భయం వేసింది, కొత్తగా పెళ్లయినవాణ్ని. నెల గడిచాక సిగ్గు. ఏడాది గడిచాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమని చెప్పను అనే ప్రశ్న. అలా ప్రతి ఏడూ చెప్పడం ఇంకొంచెం కష్టమైంది.

ఆ పద్ధతి పెట్టిన మనిషే ఆ పద్ధతి తప్పాడని షెడ్డంతా అనుకుంది. ఆయన్ని స్టోరుకి మార్చారు, అక్కడే రిటైరయ్యారు. రమణమూర్తికీ ఆయనకూ మాటల్లేకుండా పోయాయి. అంతకుముందు ఒకే క్యారేజీలో తిన్నవాళ్లు. ఒకరు అబద్ధమాడారని ఒకరు అనుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పోయిన ఏడాది రమణమూర్తిని ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని, "ఆ సక్రం మీద సొక్కా లేదు బావా, ఉంటే నాను ముట్టుకుందునా" అన్నాడు. అప్పుడు కూడా చెప్పకుండా, దుప్పటి సర్ది వచ్చేశాను. వారానికి పోయాడు. అతని భార్య సూర్యకాంతమ్మ గారు ఇవాళ నా పిలుపు మీద వచ్చి వెనక వరుసలో ఉన్నారు. అమ్మా, మీ ఆయన చూసింది నిజం.

మేడమ్ గారు వచ్చాక తాళాలు పెట్టించారు. ప్రతి తాళానికీ ఫొటో, ఒక్కటే చెవి. అప్పుడు నేను ఒక్క మాట ఎదురు చెప్పకుండా సంతకం చేశానని, మా సెక్షన్లో మళ్లీ ఒక్క ప్రమాదం జరగలేదని ఈ జ్ఞాపిక మీద రాయించారు. నేను ప్రతి తాళాన్నీ మూడుసార్లు లాగి చూసేవాణ్ని, మీరు నవ్వుకునేవాళ్లు. అది క్రమశిక్షణ కాదు, భయం. అయినా భయంతో లాగినా తాళం తాళమే, పిల్లలూ, మీరు లాగి చూడటం మాత్రం మానకండి. మంచి మనసుతో కూడా ఇంకొకడి తాళం ముట్టకండి. తడుస్తున్నా, మాసిపోతున్నా, తుప్పు పడుతున్నా. నేను చేసింది చెడ్డపని అయ్యుంటే ఎవరో ఒకరు ఆపేవారేమో. మంచిపనే అనుకుని చేశాను.

జ్ఞాపిక మేడమ్ గారి బల్ల మీదే ఉంచుతున్నాను. కోపం తెచ్చుకోకండి మేడమ్.

బాషా భాయ్, ఇప్పుడు మీతో. మొన్న రంజాన్‌కి మీ ఇంటికి వస్తే వదిన నవ్వుతూ చెప్పింది, మీరు వీధి తలుపు తాళం వేసి నాలుగడుగులు వెళ్లి వెనక్కి వస్తారట, గ్యాసు కట్టేశానా అని మంచం దిగి చూస్తారట, నమాజుకి వెళ్లి కూడా మధ్యలో అనుమానం వస్తుందట. "ఆ రోజు సొక్కా తగిలించినానే అనుకున్నాను శ్రీరామూ, మరి ఏటయ్యిందో, నా బుర్ర మీద నాకే నమ్మకం పోనాది" అని మీరు అన్నారు. ఆ మాట అన్నప్పుడు నా కంచంలో సేమ్యా ఉంది, మీ చేత్తో వడ్డించిందే. వేళ్లు పోవడం నా వల్లే. కానీ మీ మీద మీకున్న నమ్మకం కూడా నేనే తీసుకుపోయానని ఆ రోజు తెలిసింది. మీ బుర్రకి ఏమీ కాలేదు. మీరు తగిలించారు. తీసింది నేను.

(బాషా గారు లేచి నిలబడ్డారు.)

కూర్చోండి భాయ్. ఏమిటి? వినపడలేదు.

("నాను తగిలించినానా?")

తగిలించారు.

("నువ్వు సూసినావా?")

చూశాను భాయ్. కాలరు చక్రం మీదకి, జేబు మన వైపుకి. రెండుసార్లు లాగి, పడిపోదని చూసుకుని మరీ లోపల చెయ్యి పెట్టారు.

("బీబీ, ఇన్నావా? తగిలించినానంట.")

(చేతిలోని కాగితం విప్పారు)

ఈ కాగితంలో ఇంకా పదిమందికి కృతజ్ఞతలు రాసుకొచ్చాను. అక్షరాలు కనిపించడం లేదు. నాకు పని నేర్పినవాళ్లకు, అన్నం పెట్టిన ఈ షెడ్డుకు, ఓపిగ్గా విన్న మీకందరికీ దండాలు. క్షమించమని అడగడం లేదు భాయ్, ఆ అడిగే హక్కు రమణమూర్తి పోయిన రోజే పోయింది. ఇప్పుడు స్టేజీ దిగి వస్తాను. మీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మీరు సరే అంటే అక్కడ కూర్చుంటాను, వద్దంటే ఆ వెనక తలుపులోంచి వెళ్లిపోతాను. సెలవు.