నాలుగు బ్యాటరీల కాయితం

కోరుట్ల బస్టాండు పక్కన జలపతి బ్యాటరీల దుకాణం. ప్రకాశ్ పటేలు మామిడితోటలో కరెంటు ట్రాక్టరు నడిపే ముసలి ఏసయ్య, అందులో చచ్చిన నాలుగు బ్యాటరీలను ఆటోలో వేసుకొచ్చి బల్ల మీద కూచున్నాడు.

"ఏడాది నిండలే తాతా, నాలుగిటికి నాలుగు సంపినవ్. ట్రాక్టరుతోని గడ్డి కోసినవా, యుద్ధానికి పోయినవా?"

"గడ్డే కోసిన. సేటూ, కొత్తయి సూపియ్యి."

"సూపిస్త. ముందుగాల కాయితం రాయాల్నట. మీ పటేలు ఫోన్ చేసిండు. ఎవలి తప్పుతోని చచ్చినయో రాసియ్యాలె, ఏసయ్య తప్పయితే రేపటి సంది పనికి రావద్దు అన్నడు. బ్యాటరీలు అమ్ముకునేటోన్ని, జడ్జిని చేసిండు."

"గట్లనే అన్నడా."

"నీకు చెప్పలేదా?"

"చెప్పిండు. కొత్తయి సూపియ్యి."

"గివి లిథియంవి. తేలిక. ధర ఇంటే మీ పటేలు మల్ల దుబాయి పోవాలె. గివి నీళ్లు పోసేటియి, ఎక్కువ ఏండ్లు వస్తయ్, పటేలు గివే పంపుమన్నడు. గివి సీలు వేసినయి. నీళ్లు పోసుడే ఉండది, గని తొందరగ పోతయ్."

"సీలుయే ఇయ్యి."

"పటేలు గవి వద్దన్నడు."

"నువ్వియ్యి."

"మాటలకు గూడ రేషన్ కార్డు పెట్టినవా తాతా? సరే, పాతయి మూత తీస్త... ఏంది గిది? అడుగున ఇసుక. గీ నల్లగ మాడింది... తులసాకు. డబ్బాల అమ్మే బ్యాటరీ నీళ్లు పొయ్యమన్న గని, గోదారి తీర్థం పొయ్యమన్ననా?"

"ఎండ బాగుంది ఇయ్యాల."

"ఎండ సంగతి తర్వాత. ఐతారం ఐతారం చర్చికి పోయేటోనివి, నీ ఇంట్ల తీర్థమెక్కడిది? గిది పటేలు తల్లి సమ్మవ్వ పనే. ధర్మపురికెల్లి చెంబుల తెచ్చి దాసుకునేది ఆమెనే."

"ఆమె పేరు రాయకు."

"మరేం రాయాలె? బ్యాటరీలకు ముసలితనం అచ్చిందనా? ఉంటే నీ పేరు, లేకుంటే ఆమె పేరు."

"నా పేరు రాయి."

"సోయి ఉండే మాట్లాడుతున్నవా? డెబ్బై ఏండ్లోన్ని ఎవడు పిలుస్తడు పనికి? అదే ఆమెనయితే కొడుకు రెండు తిట్లు తిడ్తడు, అంతే గదా."

"రాయి సేటూ."

"రాయ. ఆమె చేసిన పని నువ్వెందుకు మోస్తవ్?"

"మనుమరాలి కాన్పుకు సిరిసిల్ల పోతూ నేనే ఆమెకు చెప్పిన, డబ్బా నీళ్లు అయిపోతే బోరునీళ్లు పొయ్యకు, ఇంట్ల అన్నిటికన్న మేలైన నీళ్లు పొయ్యుమని. తన పానం పోయేటప్పుడు నోట్లె పొయ్యాలని దాసుకున్నయి, సుక్క మిగలకుండ పోసింది."