వాక్యం రాసిన చెక్క

మొగల్తూరు దాటాక ఓ పల్లె. పొద్దున్నే, రొయ్యల మేత గోడౌన్‌లో ముగ్గురు: గోడౌన్ యజమాని గున్నేశ్వరరావు, ఊరి మంచినీళ్ళ చెరువు కమిటీ నడిపే క్రిస్టినా, ఆమె మామగారు. బయట ఊరు ఊరంతా.

“గడియ తియ్యకండి మావయ్యగారూ! తీశారంటే ఈయన్ని చంపేస్తారు.”

“చావనీ. ఊరి గొంతులో ఉప్పు పోసినవాడికి నీ కాపలా ఏంటమ్మా క్రిస్టినా?”

“నేను పొయ్యలేదండీ బాబూ! మా అమ్మాయి సాయిప్రసన్న మీద ఒట్టు.”

“మీరు కాసేపు మాట్లాడకండి గున్నేశ్వరరావుగారూ, ఫోన్ కలిసింది. హలో, ఎస్సైగారాండీ? అవునండి, మా చెరువే. రాత్రి ఎవరో తూము చెక్కలు పీకేశారండి. సముద్రం పోటుకి కాలవలోంచి ఉప్పునీళ్ళు ఎక్కేశాయి. తాగడానికి చుక్క లేదండి. ఆఁ? చర్చి సంఘ పెద్ద మా మావయ్యగారేనండి. పేరా? పేరంటే... ఒక్క నిమిషమండి. మావయ్యగారూ, మీరు చెప్పండి.”

“ఇలా తే. నమస్కారమండి, నా పేరు లాజరండి. మా కోడల్లెండి, మామగారి పేరు నోటితో అనదు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆఁ, త్వరగా రండి.”

“ఏమన్నారు?”

“బయల్దేరుతున్నార్ట. ఈలోపు ఊరికి డబ్బిచ్చే మిషను దొరలు దిగిపోతారు. ఏం చూపిస్తావమ్మా వాళ్ళకి?”

“ఏం చూపించను! మన చెరువులోంచి గ్లాసుడు నీళ్ళిచ్చి, ఇన్నాళ్ళు మీరు చూశారు, ఇకమీదట మేమే చూసుకుంటామండీ అని చెబుదామనుకున్నాం. సోమవారం సోమవారం ఇంటికో మనిషి పలుగు పట్టి తవ్వుకున్న చెరువండీ అది!”

“ఇప్పుడనగలవా ఆ మాట?”

“అనలేను.”

“మరి? వాళ్ళనే అడుగుదాం, ఎప్పట్లా ట్యాంకర్లు పంపిస్తారు. ముందు వీణ్ణి బయటికి తోసెయ్యి.”

“తలుపు తియ్యవే క్రిస్టినా! లేదంటే గోడౌన్ తగలబెట్టేస్తాం!”

“ఆగవే బేబీ! మా మావయ్యగారు కూడా లోపలే ఉన్నారు!”

“క్రిస్టినమ్మా, నా మాట కాస్త విను. నా రొయ్యల చెరువుకి ఉప్పునీళ్ళు కావాలంటే నాకు మోటారుంది. మీ చెరువు పాడుచేస్తే నాకేమొస్తుందమ్మా? నా కూలీలు తాగేదీ ఆ నీళ్ళే.”

“గట్టు మీద పైపు వేస్తానంటే మేం ఒప్పుకోలేదు. ఆ కోపం లేదా మీకు?”

“ఉంది. కోపమొస్తే తిడతాను. తిట్టాను కూడా. తూము పీకుతానా?”

“పై చెక్క మీద ఏం రాసుందో తెలుసా?”

“రాసుందా? ఏదో మీ బైబిలు వాక్యం కాబోలు. నాకు అదీ, మేత బస్తా మీద అచ్చూ ఒకటేనమ్మా.”

“విన్నారా మావయ్యగారూ?”

“ఏం వినాలి?”

“చెక్కలన్నీ బురదలోకి విసిరేశారు. వాక్యం రాసిన చెక్క ఒక్కటీ గట్టు మీద గడ్డిలో ఉంది. అక్షరాలు పైకి పెట్టి, బురద తుడిచి, ఎవరి కాలూ తగలకుండా.”

“అయితే?”

“ఈయన మనుషులైతే దాన్నీ బురదలోకే విసిరేవారు. తీసింది మనవాడే.”

“మనవాడా! ప్రార్థన చేసే నోటితో అనే మాటేనా అది? గాలికి కొట్టుకొచ్చుంటుంది.”

“గాలి బురద తుడుస్తుందా?”

“అమ్మా, ఒక్క మాట. దొరలంటే తెల్ల వ్యానులో వచ్చినవాళ్ళేనా?”

“అవునండి. ఏం?”

“నిన్న సాయంత్రం నర్సాపురంలో మా అబ్బాయి వరుణ్ కొట్లో నీళ్ళ క్యాన్లు కొన్నారు. వ్యాన్ నిండా. ఇన్నెందుకని మావాడడిగితే, ఆ ఊరి చెరువు ఉప్పైపోయిందట అన్నాడట డ్రైవరు.”

“నిన్న సాయంత్రమా?”

“దీపాలు పెట్టే వేళమ్మా.”

“రాత్రి ఆ నీళ్ళతోనే నేను అన్నం వండాను. బాగానే ఉన్నాయి. పొద్దున్న బేబి టీ పెట్టుకుంటేగా సంగతి తెలిసింది!”

“వాడు అబద్ధమాడుతున్నాడు క్రిస్టినా.”

“వరుణ్‌కి ఫోన్ చేసి ఇమ్మంటారా?”

“వద్దు.”

“ఎందుకొద్దు మావయ్యగారూ?”

“వద్దన్నానా!”

“దొరల నంబరు ఊళ్ళో ఎవరి దగ్గరుంది?”

“ఇప్పుడదెందుకు?”

“ఎవరి దగ్గరుంది మావయ్యగారూ?”

“మిషను హాస్టల్ పిల్లలు ఏమైపోతారమ్మా? ఆ చెరువు చూస్తే, ఈ ఊరు బాగుపడిందని రాసుకుపోతారు. చెయ్యి తీసేస్తారు. ఆ పిల్లల్ని ఎవరు సాకుతారు?”

“మనం. ఇంటికి పూటకో పిడికెడు బియ్యం తీద్దామని కమిటీలో లేచి అన్నానా లేదా? మీరు నవ్వారు.”

“పిడికెడు బియ్యం! ముప్ఫై ఏళ్ళు వాళ్ళకి ఉత్తరాలు రాసి ఈ ఊరికి కూడు తెచ్చింది నేను. నేనొద్దా మీకిప్పుడు?”

“అందుకని మేం తవ్వుకున్న చెరువులో ఉప్పు పోస్తారా?”

“ఒక్క వర్షాకాలానికి కడుక్కుపోతుంది. ఇంటి పరువు పోతే తిరిగి రాదు. నింద వాడి మీదే ఉండనీ. ఉన్నవాడు, తట్టుకుంటాడు.”

“అయ్యా, తట్టుకోవడానికి నేను బతికుండాలిగా!”

“జరగండి మావయ్యగారూ.”

“గడియ మీంచి చెయ్యి తియ్యి. బయటికెళ్ళి ఏమంటావ్? నా పేరు నీ నోట రాదు.”

“జరగండి.”

“తీసిందర్రా! తప్పుకోవే క్రిస్టినా, ఆ గున్నేశ్వరరావుని...”

“ఆయన కాదే బేబీ. కర్ర దించు. తూము తీసింది మా మావయ్య.”

“మావయ్యా? ఏ మావయ్యే? ఊళ్ళో సగం మంది నీకు మావయ్యలే! పేరు చెప్పు!”

“లాజరు.”