చెదపురుగు చెప్పిన మాట

మధ్యాహ్నం, కాలేజీ లైబ్రరీ. పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. పెద్ద లైబ్రేరియన్, ఆవిడ అసిస్టెంటు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు.

“మళ్లీ చెప్పు. ఎవరు వెళ్లమన్నారు?”

“ఎవరూ అనలేదు మేడమ్. ట్రైనింగు మంచిదని నాకే అనిపించి…”

“నీకే అనిపించింది. నెల రోజులు, అదీ పై ఊళ్లో, నీ అంతట నీకే.”

“అంటే… చెదపురుగు గారు కూడా మంచిదన్నారు.”

“అనుకున్నాను. ఆ పేరు తలుచుకోకపోతే నీకు పొద్దు గడవదు. చెదపురుగట. లైబ్రరీలో తలుచుకోవాల్సిన పేరేనా?”

“ఆన్‌లైన్ ఫోరంలో అందరూ ఏదో ఒక పేరు పెట్టుకుంటారు మేడమ్. అన్ని కాలేజీల లైబ్రేరియన్లూ ఉంటారందులో. మిమ్మల్నీ చేరమని ఎన్నిసార్లు చెప్పాను.”

“నాకంత తీరిక లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర పాఠాలు నేర్చుకునే ఖర్మా లేదు.”

“ఆవిడ చెప్పబట్టే కదా, హిస్టరీ సారు తెచ్చిన వ్యాసాల జాబితాలో సగం లేనివని పట్టుకున్నాను. ఏఐని అడిగితే లేని వ్యాసానికి కూడా పేరు పెట్టి ఇస్తుంది, ముందు పత్రిక తీసి పేజీ చూసుకోమని ఆవిడే…”

“తెలుసు. స్టాఫ్ మీటింగులో నిన్ను మెచ్చుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.”

“మీకు కోపం వచ్చిందా?”

“కోపం కాదు, కడుపుమంట. దాచుకోవడం ఎందుకు? ఎదురుగా నేను గుండ్రాయిలా కూర్చుని ఉంటే, అనుమానం వచ్చినప్పుడల్లా ఫోను తీస్తావు. పొరుగింటి పుల్లకూర రుచి.”

“మిమ్మల్నే అడిగాను మేడమ్. చేరిన కొత్తలో.”

“ఏమడిగావు?”

“ఆన్‌లైన్ పత్రికల్లో ఏది అసలుదో, ఏది డబ్బు తీసుకుని ఏదైనా వేసేస్తుందో ఎలా తెలుస్తుందని. ‘ఇదీ తెలియకుండా ఉద్యోగం ఎలా ఇచ్చారు నీకు’ అన్నారు. పిల్లలందరి ముందూ.”

“అన్నానా?”

“అన్నారు. ఆ సాయంత్రం ఫోరంలో అదే అడిగాను. చెదపురుగు గారు ఎంత ఓపిగ్గా చెప్పారో. చివర్లో ‘సిగ్గుపడకు, నాకూ తెలియదు, ఇవాళే కూర్చుని నేర్చుకున్నాను’ అని రాశారు.”

“రాయడానికేం? దాని మొహం ఎవరికీ కనిపించదు కదా.”

“ఆవిణ్ణి అదీ ఇదీ అనకండి.”

“ఓహో. అంత ప్రేమా?”

“అవును, ప్రేమే.”

“అయితే విను. నీ ట్రైనింగు కాగితం మీద నేను సంతకం పెట్టను. నువ్వెళితే కౌంటర్లో ఎవరు కూర్చుంటారు, నేనా? ఈ వయసులో పుస్తకాలకి ముద్రలు కొట్టుకుంటూ? నువ్వేమో అక్కడ అన్నీ నేర్చుకుంటావు, ఏదో పెద్ద కాలేజీ వాళ్లు ఎగరేసుకుపోతారు. సలహా ఇచ్చినవాళ్లకేం పోయింది? ఈ ఖాళీ కుర్చీని రోజూ చూడాల్సింది నేను.”

“మేడమ్…”

“ఏం మేడమ్?”

“మీరు ఇలా అంటారనే అనుకున్నాను. ఆవిణ్ణి పొద్దున్నే అడిగాను, మా మేడమ్ పంపనంటే ఏం చెయ్యాలని.”

“ఏమంది?”

“ఇంకా జవాబు లేదు. ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యరు.”

“ఏదో తేల్చుకోలేక ఉంటుందిలే.”

“మీరు బల్ల కింద ఏం చేస్తున్నారు?”

“మా ఆయన మెసేజి పెట్టారు, కూరగాయలేం తేవాలని. నీ పని నువ్వు చూసుకో.”

“సరే… మేడమ్, వచ్చింది. జవాబు వచ్చింది.”

“ఏమంది మీ దేవత?”

“చదవనా?”

“చదువు. తప్పుతుందా?”

“‘వెళ్లిరా తల్లీ. నువ్వొచ్చేదాకా కౌంటర్లో నేను కూర్చుంటాను’ అని… మేడమ్?”