నవల ఆఖరి ముక్క

గొర్రెల షెడ్డులో టీ విరామం అయిపోవస్తోంది. బొచ్చు కత్తిరించే కుర్రాడు కుంటుతూ వంటామె దగ్గరికొచ్చాడు.

"అక్కా, దెయ్యాల నవల ఆఖరి ముక్కేదీ? నలుగురం చదువుకోవాలనే కదా నాలుగుగా చింపుకున్నాం!"

"పొయ్యిలో పెట్టేశా."

"నీకేమన్నా పిచ్చా? ఆ పిల్ల బావిలోంచి బయటపడిందో లేదో తెలీక చస్తున్నా!"

"చస్తావనే కాల్చా. పొద్దున ఆ పిల్లనే తలుచుకుంటూ కత్తెర మిషన్ తొడకి తగిలించుకున్నావ్. గుడ్డ కట్టి దాచావ్."

"కాస్త గీసుకుంది, అంతే."

"మా ఆయన కూడా అదే అన్నాడు. బర్క్ ఊళ్ళో ఆసుపత్రికి చేరకముందే పోయాడు."

పని గంట మోగింది. అతను కదల్లేదు.

"నువ్వు చదివేశావుగా. పోనీ నువ్వే చెప్పక్కా."

"చెప్తా, ఈ షెడ్డులో ఆఖరి గొర్రె బొచ్చు తీయడం అయ్యాక. అందాకా బతికుండు. కూర్చో, ఆ గుడ్డ విప్పు."