మాలకొండయ్య ఒంట్లో పిడుగు

పొద్దున తొమ్మిదింటికి త్రీఫేజ్ కరెంటు వచ్చింది. పావుగంట గడిచిందో లేదో, వెంకటరావమ్మ మోటారు ఆగిపోయింది. మంగళవారం నుంచీ ఇదే వరస, ఇవాళ గురువారం. మిరప నిండు పూత మీదుంది, తడి అందక పూతంతా రాలిపోతోంది. స్టార్టరు నొక్కీ నొక్కీ బొటనవేలు వాచిపోయి, ఆమె తన టీ కొట్టుకొచ్చి పొయ్యి ముట్టించింది గానీ, ప్రాణం చేలోనే ఉంది.

అప్పుడే మాలకొండయ్య దిగాడు. మెడలో తాయెత్తులాగా కరెంటు మీటరు వేలాడేసుకుని తిరిగే మనిషి. ఎవరింట్లో ఫ్యాను ఆగినా ఆయన వెళ్తాడు. ఫ్యాను తిరిగిందా లేదా అన్నది వేరే సంగతి, ఉపన్యాసం మాత్రం తిరుగుతుంది. బల్ల మీద సుభానీ, ఏసుబాబు అప్పటికే కూచునున్నారు. వాళ్ళ మోటార్లూ ఆగిపోయాయి మరి. ఈ నలుగురి బోర్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్నాయి.

వోల్టేజీ చాలక మోటారు ఆగిపోతోంది, ఏం చెయ్యమంటావన్నా, అని వెంకటరావమ్మ అడిగింది. ఓస్ వోల్టేజీయేనా అని మాలకొండయ్య కాలు మీద కాలేశాడు.

వేటపాలెంలో జీడిపప్పు వేయించే మిషను వేడెక్కకపోతే ఈయన్నే పిలిచారట. చూడగానే చెప్పేశాడట: వోల్టులు రెండొందల ముప్పై, ఆంపులు పది. దీన్ని దానితో భాగిస్తే ఇరవై మూడు ఓములు, అది రెసిస్టెన్సు. రెంటినీ గుణిస్తే రెండువేల మూడొందల వాట్లు, అది పవరు. లెక్క చెప్పాక హీటరు తీగ మార్చాడు, జీడిపప్పు వేగింది. ఇంతవరకూ ఎవరైనా నమ్మొచ్చు. ఆయన ఇంతవరకూ ఆగితేగా!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాడు ఏసుబాబు. తెలుసన్నా ఆగే మనిషి కాదు.

ఆ పేరు విని వాడరేవు పడవలవాళ్ళు వచ్చారట. సముద్రం మీద రోజూ పిడుగులు పడి చేపలు వలలోనే ఉడికిపోతున్నాయట, కాపాడు సామీ అని కాళ్ళ మీద పడ్డారట. ఈయన పడవెక్కి నడిసముద్రంలో నిలబడ్డాడు. మబ్బు కేసి చూసి లెక్క కట్టాడు: పది కోట్ల వోల్టులు, లక్ష ఆంపులు, భాగిస్తే సరిగ్గా వెయ్యి ఓములు. అదృష్టం చూడండి, తన ఒంటి రెసిస్టెన్సు కూడా అదే వెయ్యి! చెయ్యెత్తి పిడుగుని పట్టేశాడు. వాట్లెన్ని అంటే, ఒకటి పక్కన పదమూడు సున్నాలట.

సుభానీకి టీ పొలమారింది. మరి ఒళ్ళు కాలలేదా అని అడిగాడు.

"లెక్క తెలిసినోడిని కరెంటు కాలుస్తదా ఏంట్రా," అని మాలకొండయ్య కసిరి, అసలు మందు అప్పుడు చెప్పాడు. రెసిస్టెన్సు మారదు గనక, వోల్టులు తగ్గితే ఆంపులూ తగ్గుతాయి, మోటారుకి ఢోకా లేదు. కాబట్టి స్టార్టరు బొత్తాం నొక్కిపెట్టి పుల్ల అడ్డం దోపేస్తే సరి.

ఆ దొంగవైద్యం ఊరందరికీ తెలుసు. పుల్ల పెడితే స్టార్టరు ఆగమన్నా ఆగదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాలిపోయేదాకా. హీటరు లెక్క మోటారుకి పనికిరాదు, వోల్టేజీ తగ్గేకొద్దీ అది కరెంటు ఇంకా ఎక్కువ గుంజుతుందని సుభానీ అనబోయాడు. పిడుగు పట్టిన చేతిని మాలకొండయ్య అడ్డంగా ఊపేశాడు.

వెంకటరావమ్మకి భయంగానే ఉంది. మోటారు కాలితే ఈ ఏటికి చేను మీద ఆశ వదులుకోవాల్సిందే. కానీ నీళ్ళు పెట్టకపోయినా అంతేగా? ఆమె చెయ్యి పొయ్యి పక్కనున్న పుల్లల మీదికి పోయింది.

అది చూసి మాలకొండయ్యకి ఇంకా ఊపొచ్చింది. ఆ పిడుగు ఇంకా తన ఒంట్లో కాస్త మిగిలే ఉందట. మొన్న కనిగిరిలో మరదలి పెళ్ళిలో జనరేటరు ఆగిపోతే, రెండు తీగలు చేత్తో పట్టుకుని పందిరంతా వెలిగించాడట. వెలుగు ఎక్కువై పెళ్ళికూతురు నల్లకళ్ళజోడు అడిగిందట.

వెంకటరావమ్మ చెయ్యి ఆగింది.

"ఆ పెళ్ళి ఎప్పుడన్నా?"

"మొన్న ఆదివారం. సోమవారం కూడా అక్కడే ఉండి, మంగళవారం పొద్దున వచ్చాం."

"అందరూ వెళ్ళారా?"

"ఇంటిల్లిపాదీ. బోరు కాడ కూడా తాళమేసి పోయాం."

ఆమె టీ గిన్నె దించి పక్కన పెట్టింది.

"ఆది, సోమ మా ముగ్గురి మోటార్లూ సాయంత్రందాకా ఒక్కసారి ఆగితే ఒట్టు. నువ్వొచ్చావ్, అయ్యి పడుకున్నయ్యి. నీ బోరులో ఎన్ని హార్సుల మోటారు దింపావన్నా?"

"కాయితాల్లో ఐదే రాసుందమ్మా."

"రాసింది గాదు, దింపింది అడుగుతున్నా."

మాలకొండయ్య మీటరు సవరించుకున్నాడు. అందులో ఏమీ కనపడలేదు కాబోలు, టీ గ్లాసులోకి చూశాడు. ఏసుబాబు బల్ల మీంచి లేచాడు. పిడుగుల కథ మొదలైన దగ్గర్నుంచీ పంటి బిగువున ఆపుకున్న నవ్వు సుభానీకి ఇప్పుడు రాలేదు. వాడికి కోపమొచ్చింది.

"పది హార్సులా?" అన్నాడు.

"పదే," అన్నాడు మాలకొండయ్య, ఊపిరి బయటికొచ్చిందో లేదో అన్నట్టు.

తొమ్మిది రకాల వోల్టేజీ మాటలు చెప్పిన నోటికి ఆ ఒక్క అంకె చెప్పడానికే ఎక్కడలేని కష్టమొచ్చింది. పూత రాలిపోతుంటే ఎవరిని తిట్టాలో తెలీక మూడురోజులుగా కరెంటువాళ్ళని తిట్టుకుంటోంది వెంకటరావమ్మ. ఆ తిట్లన్నీ ఇప్పుడు గొంతుదాకా వచ్చాయి, మింగేసింది. తిట్టే తీరిక లేదు, కరెంటు పోయేలోగా తడి పెట్టుకోవాలి.

"లే అన్నా. మా ముగ్గురి వోల్టేజీ గుంజేస్తున్న నీ మోటారు ముందు కట్టెయ్. మా తడులు అయ్యిందాకా దాని జోలికి పోబాక."

"మరి నా మిరప?" అన్నాడు మాలకొండయ్య.

"సాయంత్రందాకా నీకు పనేం లేదుగా," అంది ఆమె కొట్టు తడిక దించుతూ. "నీళ్ళు లేకుండా మిరప ఎట్టా పండుద్దో కూచుని లెక్క కట్టు."